కాచుకున్న రాత్రికి లెక్కేది?

ఒడిశా తీరంలోని రామయ్యపట్నంలో తెల్లవారుజామున రెండు గంటలకు మేలుకుని ఉండేది ముందుగా జాలరే. ఒడియావాళ్లు నోలియా అనే ఈ తెలుగువాడు పడవ పక్కన కూర్చుని గాలి వాలు చూస్తుంటాడు. హైదరాబాదు నుంచి సెలవుకొచ్చినా ఆన్‌కాల్ వంతు తప్పించుకోలేక, ల్యాప్‌టాప్ తలాపున పెట్టుకున్న కొడుకు కూడా ఆ ఇంట్లోనే ఉన్నాడనుకుందాం. కొడుకు సంగతి మీకు చెప్పక్కర్లేదు. స్నానానికి కూడా ఫోన్ పట్టుకెళ్లే వారం ఎలా ఉంటుందో ఇవాళ వీధికొకరికి తెలుసు. తండ్రి లెక్కే కాస్త చెప్పాలి.

సముద్రం మీద జీతం ఉండదు, వాటా ఉంటుంది. చేప అమ్మిన డబ్బులో ముందు డీజిలు, ఐసు ఖర్చు తీస్తారు. మిగిలినదాంట్లో పడవకు, ఇంజనుకు, వలకు వాటాలు పోగా మనుషులకు. పద్ధతి ఊరూరికీ మారుతుంది, యజమాని వైపు మొగ్గే ఊళ్లకూ కొదవలేదు. అయినా లెక్క ఇసుక మీద, అందరి ఎదుట తేలుతుంది. ఒడ్డున వల తాడు పట్టినవాడికీ నాలుగు చేపలు దక్కుతాయి. కాకపోతే వల ఖాళీగా వస్తే రాత్రంతా కాచుకున్నదానికి పైసా రాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలకు వేట నిషేధం. ఇక తుపాన్ల భయం సరేసరి: 2013 అక్టోబరు 12న ఫైలిన్ తీరం దాటింది ఈ తీరంలోని గోపాల్‌పూర్ దగ్గరే.

కొడుక్కి ఆ దిగులు లేదు. సర్వరు పడినా పడకున్నా ఒకటో తారీకుకి జీతం. అందుకే ‘అంత జీతమిస్తుంటే మళ్లీ ఓవర్‌టైమా’ అనే మేనేజరు మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. తండ్రిదీ కొడుకుదీ విడిగా కూలి లేని కాపలాయే. అయితే తండ్రి కాపలా ఫలిస్తే వాటా పెరుగుతుంది. కొడుకు కాపలా ఫలిస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకుండా చూడటమే కదా అతని పని! పంచుకోవడానికి అక్కడ చేప ఏదీ? పైగా గాలి బాగాలేకపోతే తండ్రి ‘ఈపూట వద్దులే’ అనగలడు, కొడుకు అనలేడు.

అదనపు గంటకు రెట్టింపు వేతనమని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. తెలంగాణ ప్రభుత్వం ఐటీ సంస్థలకు పనిగంటల నిబంధనల నుంచి మినహాయింపు ఇస్తూనే, వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలని షరతు పెట్టింది. మరి ఫోన్ పక్కన పడుకున్న గంట ఆ 48లోకి వస్తుందా? చిక్కు అక్కడుంది. ఐరోపా సమాఖ్య న్యాయస్థానం దీన్ని పలుమార్లు విప్పి చూసింది. పిలిస్తే 8 నిమిషాల్లో చేరాల్సిన బెల్జియం అగ్నిమాపక ఉద్యోగి ఇంట్లో కాచుకోవడం కూడా పనే అని 2018లో తీర్పిచ్చింది. గంటలో చేరితే చాలన్న స్లొవేనియా ప్రసార కేంద్రం టెక్నీషియన్ విషయంలో మాత్రం, ఆ కట్టుబాటు అతని సొంత సమయాన్ని ఎంతగా మింగేస్తుందో చూసి తేల్చాలని 2021లో చెప్పింది.

జాలరి ఈ తీర్పులు వింటే నవ్వుతాడేమో, సముద్రం ఎవరికీ గడువివ్వదు కనుక. కానీ కంపెనీ సముద్రం కాదు. గడువు అదే రాస్తుంది, మార్చగలిగేదీ అదే. పావుగంటలో లాగిన్ కావాలంటే ఆ రాత్రి కంపెనీదే, మొత్తానికీ డబ్బు కట్టాల్సిందే. తీరిగ్గా రమ్మంటే, పిలిచి చేయించిన గంటలకు కడితే సరిపోతుంది. ఈ వారం ఆన్‌కాల్ మీ వంతే అయితే, రోటా తీసి ఆ గడువు ఎన్ని నిమిషాలని రాసి ఉందో ఒకసారి చూడండి.