పరహస్తమున ముగిసిన స్వీయచరిత్ర

మొన్నటి ఆదివారమున పూర్ణా మార్కెట్టు చెంత పాతపుస్తకముల బండిపై టంగుటూరి ప్రకాశము పంతులుగారి ‘నా జీవిత యాత్ర’ కంటబడినది. బేరమాడి కొంటిని. మునుపు చదివినదే యైనను, ఈ మాఱు చివరి భాగమునే పరిశీలింపవలెనని బుద్ధి పుట్టెను. ఏలయన, ఆ భాగము పంతులుగారు వ్రాసినది కాదు. 1957లో వారు గతించిన పిదప తెన్నేటి విశ్వనాథముగారు పూరించినది.

పంతులుగారు స్వయముగ వ్రాసినంతవఱకు గ్రంథమునకు గొప్ప గుణము నిర్మొగమాటము. బాల్యమునాటి అల్లరి, నాటకముల పిచ్చి, దేనిని వారు దాచలేదు. అట్టి కలము 1953 నాటి ఘట్టమును ముట్టకయే యాగిపోవుట మన దురదృష్టము.

1951లో కాంగ్రెసును వీడి, 1952 నాటి ఎన్నికలలో దాని నెదిరించిన పంతులుగారే, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగ నేర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు కాంగ్రెసు తోడ్పాటుతో ముఖ్యమంత్రి యైరి. వారిని నమ్మి కాంగ్రెసునకు వ్యతిరేకముగ వోటు వేసినవాని నెవ్వ రడిగిరి? వంకాయల బేరములో నైనను అమ్మువాడును కొనువాడును ఎదురెదుట నుందురు; ఈ బేరమున వోటరు లేడు. క్రొత్తరాష్ట్రమును నిలువబెట్టుటకు వేఱు దారి లేదను మాటలో నిజము లేకపోలేదు. కాని యా మాటను పంతులుగారి నోటనే వినవలసియుండెను. విశ్వనాథముగా రా మంత్రివర్గమున ఆర్థికమంత్రి. సాక్షియు వారే, కక్షిదారును వారే. గురుభక్తి శిష్యునకు భూషణమే గాని, చరిత్ర వ్రాయువానికి కంటిగంత.

1954 నవంబరులో మద్యనిషేధము విషయమై వచ్చిన అవిశ్వాసతీర్మానము ఒక్క వోటు తేడాతో నెగ్గి ప్రభుత్వము కూలెను. పక్షము విషయమున సర్దుకొనిన మనిషి ఇచట సర్దుకొనలేదు. దీనిని నిష్ఠ యని మెచ్చుట సులభము. నేనును చిరకాలము మెచ్చితిని. అయితే నిషేధము తొలగింపుమని సలహా చెప్పినది ప్రభుత్వము నియమించిన సంఘమే గదా! గీతపనివారి పక్షమున గౌతు లచ్చన్నగారు ఉద్యమము నడిపిరి. ఒకరి నియమమునకు మూల్యము మఱియొకరి కూడైనపుడు దాని నే తక్కెడలో తూచవలెనో నాకు నేటికిని తెగలేదు.

విశ్వనాథముగారును 1967లో ఏ పక్షము నంటక విశాఖనుండి లోకసభకు గెలిచినవారు. పక్షములోని సుఖమును, వెలుపలి కష్టమును ఎఱిగినవారు. ఆ రెండు ఘట్టములయందును తమకు గలిగిన సంశయములను వారు మఱికొంత విడమఱచి వ్రాసియుండినచో, రాత్రి భోజనానంతరమున ఇంటి పిల్లలకు చదివి వినిపించుటకు ఆ పుటలు మఱింత పనికివచ్చెడివి.