రాజకీయ వంత

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో బుర్రకథ విన్నవాళ్లకు కథకుడి పక్కన గుమ్మెటలు వాయించే ఇద్దరు వంతలు గుర్తుంటారు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. ఈ రాజకీయ వంత పనితనమంటే నాకు ప్రాణం. కథ పల్నాటి యుద్ధంలో ఉన్నా సరే, దరువు సద్దుమణిగేలోపే ఊరి సంగతిలోకి దూకేస్తాడు. సర్పంచికి ఉపసర్పంచి, మండలాధ్యక్షుడికి ఉపాధ్యక్షుడు ఉంటారు కదా, ఆ రెండో కుర్చీ చేతికి చిక్కిందా, ఇక జనానికి పండగే.

"ఉపసర్పంచికి ఏం పనప్పా?"

"సర్పంచి ఎప్పుడు ఊరికి పోతాడా అని చూడటమేనప్పా!"

గుమ్మెట మీద ఒక్క దెబ్బ, అంతే. నవ్వు ఆగకముందే కథకుడి రాగం అందుకుంటాడు. ఆ క్షణం తప్పితే కథా పోతుంది, చురకా పోతుంది. ఎన్నేళ్ల సాధనో అది!

ఢిల్లీ కుర్చీ మీదా ఇదే చమత్కారం నడిచింది. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి పదవులు వద్దు, ఉషాపతిగా ఉంటే చాలని భార్య పేరు కలిపి నవ్వించిన వెంకయ్యనాయుడే 2017 ఆగస్టులో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969లో జాకీర్ హుస్సేన్ మరణిస్తే దేశ బాధ్యత మోసింది ఆ రెండో కుర్చీలోని వి.వి. గిరే. మంచి వంతకు ఈ బరువూ తెలుసు. అందుకే కుర్చీని గిల్లుతాడు గాని మనిషిని చులకన చేయడు.

జాతరల్లో ఆర్కెస్ట్రాలకు పెట్టే డబ్బులో కొంతైనా ఈ బుర్రకథ దళాలకు ఇవ్వండి.