కన్యాశుల్కంలో సుబ్బి: తప్పిన పెళ్ళి, వినిపించని మాట

కన్యాశుల్కం నాటకంపై వెలువడిన విమర్శలో అధికభాగం గిరీశానికీ మధురవాణికీ దక్కింది. కథకు మూలకారణమైన సుబ్బిని గురించిన చర్చ స్వల్పం. చిన్న కూతురును 1800 రూపాయలకు వృద్ధుడైన లుబ్ధావధానులకు ఇవ్వడానికి అగ్నిహోత్రావధానులు నిశ్చయించుకోవడం వల్లనే వెంకమ్మ నూతిలో పడుతుంది. ఆమె సోదరుడు కరటకశాస్త్రి ఎత్తుగడ పన్నుతాడు. ఇంత కదలికకు కేంద్రమైన సుబ్బికి చెప్పుకోదగిన సంభాషణ లేదు. ఆమె ఇష్టాన్ని అడిగినవారూ లేరు.

ఈ మౌనానికి ఒక సమాధానం 1897 నాటి తొలి ముద్రణకు గురజాడ ఆంగ్లంలో రాసిన పీఠికలో దొరుకుతుంది. విజయనగర మహారాజు విశాఖ జిల్లాలో సేకరింపజేసిన జాబితా ప్రకారం మూడేళ్ళలో బ్రాహ్మణ కుటుంబాల్లో నమోదైన శుల్క వివాహాలు 1034. వధువుల్లో అయిదేళ్ళవారు 99 మంది, నాలుగేళ్ళవారు 44, మూడేళ్ళవారు 36, రెండేళ్ళవారు 6, ఏడాది పసికందులు 3. ఆ పసికందుల వెల 350 నుంచి 400 రూపాయలు. మాటలే రాని వధువుకు సంభాషణ ఎక్కడిది? ఆ దృష్టితో సుబ్బి మౌనం వాస్తవ చిత్రణే అవుతుంది.

అయితే ఈ సమాధానం సగమే. సుబ్బిని కాపాడే ఎత్తుగడను నిదానంగా పరిశీలిస్తే మరొక విషయం బయటపడుతుంది. లుబ్ధావధానులు పెళ్ళాడే 'వధువు' ఆడపిల్ల వేషం కట్టిన శిష్యుడు. వేషం వేసేందుకు, పారిపోయి వచ్చేందుకు అతనికి తెలివితేటలూ మాటలూ ఉన్నాయి; నాటకంలో నోరున్న పెళ్ళికూతురు మగపిల్లవాడే. పైగా ఈ సాహసానికి కరటకశాస్త్రి ప్రకటించే బహుమానం తన కూతురు. పని నెరవేరితే పిల్లనిచ్చి ఇల్లరికం ఉంచుకుంటానని శిష్యుడికి మాట ఇస్తాడు. ఒక బాలిక అమ్మకాన్ని ఆపడానికి మరొక బాలిక ప్రతిఫలంగా మారింది. ప్రేక్షకుడు నవ్వుతూనే ఈ వాగ్దానాన్ని దాటిపోతాడు. విమర్శకులూ ఎక్కువగా అదే చేశారు. ప్రహసనంలో ఇంత తరచి చూడనక్కరలేదన్న అభ్యంతరం రావచ్చు. కానీ శుల్కాన్ని ఎగతాళి చేసే నాటకంలోనే పిల్లను 'ఇవ్వడం' అనే భావన చెక్కుచెదరలేదన్నది గమనార్హం.

బుచ్చమ్మ విషయం కొంత భిన్నం. బాల్యంలోనే వితంతువైన ఆమె మాట్లాడుతుంది, ఆశపడుతుంది, ఇల్లు విడిచి వెళ్తుంది. చివరికి ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి పంపాలని నిర్ణయించేది సౌజన్యారావు పంతులు. ఆడపిల్లకు చదువు అన్న ఊహ నాటకంలోకి వచ్చేది అక్కడే, అదీ పెళ్ళి వల్ల నష్టం జరిగిపోయాక.

1929 నాటి శారదా చట్టం బాలికల కనీస వివాహ వయస్సును 14 ఏళ్ళుగా నిర్ణయించింది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం అంతకుమించిన పని చేసింది: బాల్యంలో పెళ్ళయిన వ్యక్తి మేజరైన రెండేళ్ళలోపు ఆ వివాహాన్ని రద్దు చేయమని స్వయంగా కోరవచ్చు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా గ్రామాల్లో ఎం.వి. ఫౌండేషన్ పనిలో నిండిన పిల్లలను బడికి చేర్చే కృషి సాగించింది. బడిలో ఉన్న అమ్మాయికి పెళ్ళి వద్దని చెప్పుకోవడానికి ఒక చోటు, వినేందుకు ఒక మనిషి దొరుకుతారు. సుబ్బికి లేనివి ఈ రెండే. మేనమామ యుక్తి ఫలించి ఆమె పెళ్ళి తప్పింది. ఆ యుక్తికి మూల్యంగా నిలిచిన కరటకశాస్త్రి కూతురు మాత్రం రంగస్థలం మీదికి ఒక్కసారైనా రాదు.