‘ఎ సివిక్ బయాలజీ’ – ఒక పాఠ్యగ్రంథ విమర్శ

జార్జి విలియం హంటర్ రచించిన ‘ఎ సివిక్ బయాలజీ’ 1914లో వెలువడిన అమెరికా ఉన్నత పాఠశాలల పాఠ్యగ్రంథం. దాని పేరు నేటికీ నిలిచినదంటే కారణం గ్రంథగుణం కాదు, ఒక వ్యాజ్యం. మానవుడు తక్కువ తరగతి జంతువుల నుండి పుట్టినాడని ప్రభుత్వ ధనంతో నడిచే విశ్వవిద్యాలయాలలోగాని, పాఠశాలలలోగాని బోధించరాదని టెన్నెసీ రాష్ట్రం 1925లో బట్లర్ శాసనం చేసినది. ఆ జూలైలో డేటన్ పట్టణ న్యాయస్థానంలో జాన్ స్కోప్స్ అనే యువ ఉపాధ్యాయునికి 100 డాలర్ల జరిమానా పడినది. విచిత్రమేమంటే, ఆ పుస్తకాన్ని పాఠ్యగ్రంథంగా నిర్ణయించినది ఆ రాష్ట్రమే!

నాటినుండి ఈ గ్రంథాన్ని విజ్ఞాన స్వాతంత్ర్యానికి పతాకగా చూపడం పరిపాటి అయినది. పతాకను చూచిన వారిలో పుటలు తిప్పినవారు తక్కువ. పరిణామ సిద్ధాంతానికి ఇందులో దక్కినవి కొద్ది పుటలే. జీవజాతుల సంఖ్యలను వలయాలుగా చూపిన వృక్షచిత్రం ఒకటున్నది. క్షీరదాల వలయంలో మనిషికి వేరు చోటు లేదు. అభియోగ పక్షాన నిలిచిన బ్రయన్ ఎగతాళి చేసినది దీనినే. బోధనకు ఆ చిత్రం పనికివచ్చేదే. కాని ఆ ప్రకరణం చివరనే మానవులను ఐదు జాతులుగా విభజించి, తెల్లవారిని అందరికన్న ఉన్నతులుగా నిలబెట్టినాడు హంటర్. మరికొంత ముందుకు పోతే సుజనన శాస్త్రం. జ్యూక్స్, కాలికాక్ కుటుంబాల కథ చెప్పి, నేరమూ బుద్ధిమాంద్యమూ వంశపారంపర్యమనీ, అట్టి కుటుంబాలు సంఘానికి పరాన్నజీవులనీ, వారిలో స్త్రీపురుషులను వేరుచేసి సంతానం కలుగకుండ చూడవలెననీ ఉపదేశం. ఆ పిల్లలు పెరిగిన ఇళ్ళ పేదరికాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

శిలాజాలు, శరీరనిర్మాణ సామ్యాలు సాక్ష్యంగా గల సిద్ధాంతాన్నీ, ఆనాటి పైవర్గాల అభిప్రాయాన్నీ ఒకే గొంతుతో చెప్పడమే ఈ గ్రంథంలోని అసలు దోషం. చదివే పిల్లవానికి రెండూ శాస్త్రమే. పైగా, వ్యాజ్యం తరువాత 1926లో వచ్చిన సవరించిన ప్రతిలో మెత్తబడినది సాక్ష్యమున్న పరిణామ భాగం. సుజనన భావమో, 1927లో బక్ వర్సెస్ బెల్ తీర్పుతో నిర్బంధ వంధ్యీకరణకు సుప్రీం కోర్టు ఆమోదం పొందినది. బట్లర్ శాసనం 1967 వరకు రద్దు కాలేదు.

మన దేశంలో 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదవ తరగతి పుస్తకం నుండి పరిణామ పాఠం తొలగినప్పుడు 1800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు నిరసించినారు. న్యాయమైన నిరసనే. అయితే పాఠం ఉండడం ఒక ఎత్తు, చెప్పే తీరు మరొక ఎత్తు. హంటర్ పుటలనే తరగతిలో తెరచి, వాక్యం వాక్యానికి ‘ఇది ఎట్లా తెలిసినది?’ అని విద్యార్థుల చేత అడిగించవచ్చు. పరిణామం దగ్గర శిలాజాలు చూపవచ్చు. కాలికాక్ కుటుంబం దగ్గర చూపడానికి ఉన్నది 1912లో గొడ్డార్డ్ ప్రకటించిన పుస్తకం. అందులో ఎన్నడో చనిపోయినవారికి సైతం, ఊరివారి మాటలు విని, అతని సహాయకులు బుద్ధిమాంద్యాన్ని అంటగట్టినారు.