గొట్టానికి తగ్గ గుండు

నవంబరు మొదటి శనివారం తూర్పు టెక్సాస్ పైన్ అడవుల్లో తెల్లతోక జింకల సాధారణ తుపాకీ వేట మొదలవుతుంది. నా పని మాత్రం ఎండలు తగ్గకముందే మొదలవుతుంది. సీసం కరిగించి మూసలో గుండ్లు పోసుకోవడం, వాటిని ఇత్తడి కేసుల్లో బిగించి తూటాలు చేసుకోవడం, నా లీవర్ కార్బైన్‌కు ఏది నప్పుతుందో వెతుక్కోవడం. దుకాణంలో ఒక పెట్టె కొంటే తీరిపోయే పనికి ఇంత తతంగం దేనికని ఇక్కడి తెలుగు స్నేహితులు అడుగుతుంటారు. అసలు వేటేమిటని మన ఊరి నుంచి బంధువులు అడుగుతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నీడలో పెరిగినవాళ్ళకు ఆ ప్రశ్న రావడం సహజం. ఇక్కడ రాష్ట్ర ప్రభుత్వమే లైసెన్సుతో పాటు ట్యాగులు ఇస్తుంది, శిక్షణ తీసుకోమంటుంది. చట్టం వరకు అది చాలు. కానీ జింక మీద గురి పెట్టే మనిషికి చట్టం చెప్పని బాధ్యత ఇంకొకటి ఉంది. గుండు ఎక్కడ తగులుతుందో వాడికి ముందే తెలిసి ఉండాలి. నా తతంగమంతా దానికోసమే.

నా చేతిలో ఉన్నది మార్లిన్ 336. ఈ మోడల్ 1948లో వచ్చింది. అది పేల్చే .30-30 తూటా ఇంకా పాతది, వించెస్టర్ కంపెనీ 1895లో తెచ్చింది. పొగరాని మందుతో అమెరికాలో వచ్చిన తొలి వేట తూటాల్లో అదొకటి. ఇరవై అంగుళాల గొట్టం, దాని కింద తూటాలు నింపే సన్నని గొట్టం ఇంకొకటి. తూటాలు అందులో ఒకదాని వెనక ఒకటి నిలుస్తాయి, వెనకదాని ముక్కు ముందుదాని అడుగున మందును వెలిగించే ప్రైమర్‌ను ఆనుకుని ఉంటుంది. ముక్కు సూదిగా ఉంటే పేల్చినప్పుడు పుట్టే అదురుకు లోపలే ప్రమాదం జరగవచ్చు. అందుకే పోత గుండు ముక్కు చదునుగా ఉండాలి. మందపాటి పొదల్లో, వంద గజాల లోపు వేటకు ఈ చదును ముక్కు బాగా పనిచేస్తుంది కూడా.

మార్లిన్ వాళ్ళు 1950లలో గొట్టం లోపలి గాడులు మార్చారు. తక్కువ సంఖ్యలో ఉండే లోతైన గాడుల బదులు, లోతు తక్కువ గాడులు ఎక్కువ సంఖ్యలో కోశారు. ఈ గొట్టాల్లో సీసం గుండు పనికిరాదని, పట్టు దొరక్క జారిపోతుందని అప్పటినుంచీ ఒక మాట స్థిరపడిపోయింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దాన్ని నమ్మి గుండును ఇంకా గట్టిగా చేయాలని చూస్తారు, లోహంలో ఆంటిమొనీ పెంచుతారు. నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. చిక్కు గట్టిదనంలో లేదు, కొలతలో ఉంది.

మామూలు రాగి తొడుగు గుండు వ్యాసం అంగుళంలో .308. సీసం గుండును కూడా అదే కొలతకు చేస్తే, గొట్టం ఒక పిసరు వెడల్పుగా ఉన్నా సరే, మందు కాలి పుట్టిన వాయువు గుండు పక్కల నుంచి దూసుకుపోతుంది. ఆ వేడి జ్వాల సీసాన్ని కోసి, కరిగించి గాడుల్లో పూస్తుంది. నాలుగు దెబ్బలకే గురి చెదిరిపోతుంది. లోహం ఎంత గట్టిదైనా ఈ సందును మూయలేదు. అదే గుండు గొట్టం కొలత కన్నా అంగుళంలో వెయ్యో వంతో, రెండు వేలవంతులో లావుగా ఉంటే, రోకలికి పొన్ను బిగిసినట్టు బిగుస్తుంది. వాయువుకు దారి ఉండదు, గాడులు పట్టుకుంటాయి.

కాబట్టి కొలిమి కంటే ముందు మైక్రోమీటరు. మార్లిన్‌లో లీవర్ మర ఒకటి విప్పితే లీవరు, బోల్టు బయటికి వచ్చేస్తాయి, గొట్టం వెనక నుంచి ఆ చివరిదాకా కనిపిస్తుంది. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, గొట్టానికి నూనె రాసి, మెత్తటి స్వచ్ఛమైన సీసం ముక్కను కడ్డీతో లోపలి నుంచి నెట్టాలి. మొదట్లో మొరాయిస్తుంది, తర్వాత ఒకే తీరుగా జరుగుతుంది. ఎక్కడైనా వదులైతే అక్కడ గొట్టం వెడల్పైందని చేతికే తెలుస్తుంది. బయటికి వచ్చిన ముక్క మీద గాడులన్నీ అచ్చు పడి ఉంటాయి. దాన్ని కొలిస్తే ఆ తుపాకీ తన అవసరం తానే చెప్పినట్టు. ఇది పుస్తకంలో దొరికే అంకె కాదు, ఒక్కో గొట్టానిది ఒక్కో అంకె.

తర్వాత లోహం. సీసం మెత్తన, ఆంటిమొనీ గట్టిదనం ఇస్తుంది, తగరం కరిగిన లోహాన్ని మూస మూలమూలకూ పారేలా చేస్తుంది. మన ఊళ్ళలో లెటర్‌ప్రెస్‌లు నడిచిన రోజుల్లో కంపోజిటర్ల చేతుల్లో ఆడిన అచ్చు అక్షరాలు పోసిందీ ఈ మూడిటితోనే. అమెరికాలో పత్రికలు లైనోటైప్ యంత్రాలు వదిలేశాక ఆ లోహం గుండ్లు పోసేవాళ్ళకు చేరింది. అందులో సీసం 84 పాళ్ళు, ఆంటిమొనీ 12, తగరం 4. అక్షరానికి అది బాగుంటుంది గానీ వేటకు మరీ గట్టి, ఎముకకు తగిలితే పగిలిపోవచ్చు. సమానంగా మెత్తటి సీసం కలిపితే 92, 6, 2 అవుతుంది. గాడులను పట్టుకునే గట్టిదనం ఉంటుంది, పగిలే పెళుసుదనం తగ్గుతుంది.

పోత పోసేటప్పుడు కళ్ళు మూస మీదే ఉండాలి. మూస చల్లగా ఉంటే గుండు ముడతలు పడుతుంది, మరీ కాగితే పైన మంచు పట్టినట్టు తెల్లబారుతుంది. ఆ రెంటి మధ్య వేడి కుదిరాక గుండ్లు నిగనిగలాడుతూ వరసగా రాలతాయి. నేను మొదట చూసేది ముక్కును కాదు, అడుగును. అడుగు అంచు వాడిగా, చుట్టూ సమంగా ఉండాలి, ఎందుకంటే గొట్టం వదిలే ఆఖరి క్షణంలో వాయువు తోసేది ఆ అంచునే. అక్కడ గుండ్రబడినవన్నీ తిరిగి కుండలోకే. మంచివాటి అడుగున గ్యాస్ చెక్ అనే చిన్న రాగి గిన్నె తొడిగి, తేనెమైనం కలిసిన గ్రీజును గుండు చుట్టూ ఉన్న గాడుల్లో పట్టించి, కావలసిన కొలతకు సైజు చేయాలి.

మందు విషయంలో నేను ఒక్క అంకె కూడా ఇక్కడ రాయను. అచ్చయిన లోడింగ్ పుస్తకం ఉంది, పోత గుండ్లకు ప్రత్యేకించినవీ ఉన్నాయి. వాటిలోని కనిష్ఠ కొలత దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచాలి, ఒకసారికి ఒకే సంగతి మార్చాలి. మందు మారిస్తే గుండు మార్చకూడదు, గుండు మారిస్తే గ్రీజు మార్చకూడదు. కేసులో సగానికి పైగా నిండే మందే నాకిష్టం. పొరపాటున రెండుసార్లు పోస్తే పొంగిపోయి కంటికి కనిపిస్తుంది. అయినా గుండు కూర్చే ముందు ప్రతి కేసులోకీ టార్చి వేసి చూడాలి. కేసు మూతిని గుండు మీదకు గట్టిగా నొక్కాలి. లేకపోతే కింది గొట్టంలోని స్ప్రింగు ఒత్తిడికి గుండు లోపలికి దిగబడి పీడనం పెరుగుతుంది.

ఇలా తయారైన తూటా ఫ్యాక్టరీ తూటా కంటే సాధారణంగా కొంత నెమ్మదిగానే వెళ్తుంది. వేగం కోసం పాకులాడితే గురి పోతుంది. నా కార్బైన్ ఏ వేగం దగ్గర గుండ్లను దగ్గరదగ్గరగా పెడుతుందో అక్కడే ఆగిపోతాను. అది ఎంత దూరం వరకు నమ్మదగిందో అంత దూరమే నా వేట దూరం.

సీసం విషమన్నది మరిచిపోకూడదు. ఆరుబయట, గాలి పారే చోట పోయాలి. పక్కన తిండి, టీ ఉండకూడదు, పిల్లలు దరిచేరకూడదు. కరిగిన సీసంలో నీటిబొట్టు పడితే ఆవిరై లోహాన్ని చిమ్ముతుంది. జింక కళేబరంలో మిగిలే సీసం రాబందులకు ప్రాణాంతకం. కాండర్ అనే రాబందు వంటి వన్యప్రాణుల కోసం కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసం తూటాలను పూర్తిగా నిషేధించింది. ఆ నిషేధం సరైనదేనని నా అభిప్రాయం. టెక్సాస్‌లో నాకు అనుమతి ఉన్నా, గాయం చుట్టూ మాంసం ఉదారంగా కోసి పారేస్తాను, పేగులు లోతుగా పాతిపెడతాను. పోత గుండు వాడేవాళ్ళందరూ ఇంతమాత్రం చేయాలి.

అమెరికాలో ఉండి ఈ పని నేర్చుకోవాలనుకునే తెలుగువాళ్ళకు చెప్పేది ఒకటే. కొలిమి, మూస, మందు తర్వాత కొనండి. ముందు మీ గొట్టం కొలవండి, ఆ కొలతకు గుండు పోయండి, కాగితం మీద నిరూపించుకోండి. అది తేలేదాకా ప్రాణి మీద గురి పెట్టకండి.