పేరు మారిన ఆట: ‘పానెల్ దె పోన్’ అనుసరణలో నియమం, కథ, నామం

పలకలను జతపరచే వీడియో గేముల గురించిన చర్చ తరచుగా ఒక ఊహతో మొదలవుతుంది. వీటిలో నియమమే సర్వస్వం, కథ పైపూత మాత్రమే అన్నది ఆ ఊహ. చదరంగపు బంటును ఏ ఆకారంలో చెక్కినా దాని నడక మారదన్నది అందుకు చూపే ఉపపత్తి. 1995 అక్టోబరులో జపానులో నింటెండో సంస్థ తన సూపర్ ఫామికామ్ యంత్రానికి విడుదల చేసిన ‘పానెల్ దె పోన్’ ఈ ఊహను పరీక్షించడానికి మంచి ఆధారం. ఇంటెలిజెంట్ సిస్టమ్స్ రూపొందించిన ఈ ఆట మరుసటి సంవత్సరం అమెరికా చేరింది. నియమాలు అవే. పాత్రలు మారాయి, పేరు ‘టెట్రిస్ అటాక్’ అయింది. ఈ రెండు పాఠాలను పక్కపక్కన పెట్టి చూస్తే, మార్పులలో ఏది ఎంత నష్టం కలిగించిందో విడివిడిగా తూచవచ్చు.

ఆరు నిలువు వరుసలు, పన్నెండు అడ్డు వరుసల చట్రంలో గుండె, నక్షత్రం, త్రిభుజం వంటి గుర్తులున్న రంగు పలకలు అడుగు నుంచి మెల్లగా పైకి లేస్తుంటాయి. పక్కపక్కన ఉన్న రెండు పలకల స్థానాలను తారుమారు చేయడం ఒక్కటే ఆటగాడి వశం; పలకను నేరుగా పైకి గాని కిందికి గాని కదపలేడు. ఒకే గుర్తున్న పలకలు మూడు గాని, అంతకు మించి గాని అడ్డంగానో నిలువుగానో కలిస్తే మాయమవుతాయి. వాటిపై ఉన్నవి కిందికి జారతాయి. గుట్ట పైఅంచుకు చేరి నిలిచిపోతే ఓటమి.

ఇంతవరకు ఇది సామాన్యమే. విశేషమంతా పలకలు మాయమయ్యే ఆ కొద్ది వ్యవధిలో ఉంది. అప్పుడు గుట్ట లేవడం ఆగుతుంది గాని ఆటగాడి చేయి ఆగనక్కరలేదు. జారిపడబోయే పలక ఎక్కడ నిలుస్తుందో ఊహించి, దానికి జత కాగల పలకలను ముందే ఆ చోటికి జరిపితే ఒక కలయిక మరొకదానికి దారితీస్తుంది. దీనినే ఆటగాళ్లు ‘చెయిన్’ అంటారు. ఈ కోవకు చెందిన ఆటలు కొన్నిటిలో గొలుసు ముందే అమర్చుకున్న పథకానికి ఫలితం. అది మొదలైన తరువాత ఆటగాడు ప్రేక్షకుడే. ఇక్కడ గొలుసు నడుస్తూ ఉండగానే అల్లబడుతుంది. రాసి తెచ్చిన పద్యం చదవడానికీ, సభలో ఆశువుగా చెప్పడానికీ ఉన్న భేదం వంటిది ఇది. పైగా గుట్ట ఎత్తుగా ఉన్నవారికే గొలుసుకు కావలసిన సరుకు ఎక్కువ. అందువల్ల నేర్పరి ఆటగాడు బొత్తాం నొక్కి గుట్టను తానే పైకి లేపుకొంటాడు.

ఇద్దరు ఆడే పోటీలో ఈ తర్కం మరింత స్పష్టమవుతుంది. ఒకరి గొలుసు ఎదుటివారి గుట్టపై బరువైన దిమ్మెగా పడుతుంది. ఆ దిమ్మెను ఆనుకొని ఒక కలయిక జరిగితే దాని అడుగు వరుస మామూలు పలకలుగా విడిపోతుంది. దెబ్బగా వచ్చినది ఎదురుదెబ్బకు ముడిసరుకవుతుంది.

మూలకథ ఈ తర్కానికి దూరమైనది కాదు. లిప్ అనే పూల దేవకన్య చెలికత్తెలు ఒక దుష్టశక్తి మాయకు లోబడతారు. వారిని విడిపించాలంటే లిప్ వారితోనే పోటీపడి గెలవాలి. ఓడిన చెలి తిరిగి ఆమె పక్షానికి వస్తుంది. మీద పడిన దిమ్మె తన పలకలుగా మారడం, ఎదిరించిన చెలి తనదై పోవడం - రెండింటిలో ఉన్న భావన ఒకటే. అనుసరణలో దేవకన్యల స్థానాన్ని ‘యోషీస్ ఐలండ్’ ఆటలోని పాత్రలు ఆక్రమించాయి. మాయ పన్నినవాడు బౌజర్, మిత్రులతో పోటీపడి వారిని విడిపించేవాడు యోషి. కథ అస్థిపంజరం మారలేదు. కనుక పాత్రల మార్పుతోనే మూలం ధ్వంసమైందన్న అభిమానుల ఆవేదనను యథాతథంగా అంగీకరించలేము. పోయినది వేరొకటి: గాలి, మంచు, నిప్పు, చంద్రుడు వంటి ప్రకృతి అంశాలను పంచుకొన్న ఆడపిల్లల లోకం. మగ వీరులే ఎక్కువగా నాయకులైన ఆనాటి ఆటల మధ్య ఇది చిన్న నష్టమేమీ కాదు.

అయినా అసలు అపచారం పేరులో జరిగింది. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ రూపొందించిన టెట్రిస్‌లో ముక్కలు పైనుంచి పడతాయి. ఆటగాడి అధికారం పడుతున్న ముక్కపైనే గాని స్థిరపడిన గుట్టపై కాదు. ‘పానెల్ దె పోన్’లో గుట్ట కిందినుంచి లేస్తుంది, ఆటగాడు నిత్యం సవరించేది ఆ గుట్టనే. టెట్రిస్‌లో వరుస నిండితే చెరిగిపోతుంది. ఇక్కడ నిండడం కాదు, గుర్తులు కలవడం ముఖ్యం. ఒకదాని వ్యాకరణం మరొకదానికి దాదాపు తలకిందులు. పేరు పాఠకుడికి తొలి వ్యాఖ్యానమనుకుంటే, ఈ వ్యాఖ్యానం తప్పుదారి పట్టించేదే. ప్రసిద్ధమైన పేరు అమ్మకానికి తోడ్పడుతుందన్న వాణిజ్య తర్కం అర్థం కానిది కాదు. విమర్శకు మాత్రం అది సమాధానం కాజాలదు.

1996లో జపానులోనే గేమ్ బాయ్ యంత్రానికి వచ్చిన ‘యోషీ నో పానెపోన్’ ఈ వాదాన్ని బలపరుస్తుంది. అందులోనూ దేవకన్యలు లేరు, యోషి ఉన్నాడు. కాని ‘పానెపోన్’ అన్న సంక్షిప్త నామం నిలిచింది కనుక పాత్రలు మారినా వంశం తెలిసింది. ఇంగ్లీషులో ఆ దారం తెగింది. 2000లో నింటెండో 64కు వచ్చిన ‘పోకెమాన్ పజిల్ లీగ్’ అదే నియమాల సంతతి అని పేరును బట్టి పోల్చుకోవడం అసాధ్యం. 2001 నాటి ‘సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీ’లో లిప్ చేతికర్ర ఒక ఆయుధంగా కనిపించింది. ఎదుటివారి తలపై పువ్వు పూయించే ఆ కర్ర ఎవరిదో తెలిపే మూలం మాత్రం అమెరికా ఆటగాళ్లకు తమ భాషలో అందలేదు.

2020లో ‘పానెల్ దె పోన్’ నింటెండో స్విచ్ ఆన్‌లైన్ సేవ ద్వారా, తన సొంత పేరుతో, జపాను వెలుపలి ఆటగాళ్లను చేరింది. నియమాలకు అనువాదం అవసరం రాలేదు. లిప్ కథ జపాను లిపిలోనే ఉండిపోయింది.