‘నేటివ్’ అనే పదం – అనువాదకుని బాధ్యత

రైలు ప్రయాణంలో తెలుగువాడు పక్కవాణ్ణి అడిగే తొలి ప్రశ్నల్లో “మీ నేటివ్ ఏదండీ?” అన్నది ఒకటి. హైదరాబాదులో పుట్టి, అక్కడే చదివి, అక్కడే ఉద్యోగం చేస్తున్నవాడు కూడా “మాది కావలి దగ్గరండీ” అంటాడు. తాతగారి ఇల్లు అక్కడ ఉంది. ఇల్లు పోయినా సమాధులున్నాయి. ఇంగ్లీషు నిఘంటువు ప్రకారం ఈ జవాబు తప్పు. ఆ పదానికి మూలమైన లాటిన్ మాటకు పుట్టుకతో సంబంధమే గాని తాతగారితో కాదు. తెలుగువారు దాన్ని తమ అవసరానికి మలచుకున్నారు. ఇందులో ఎవరికీ నష్టం లేదు.

నష్టం జరిగేది అనువాదంలో. ఇంగ్లీషు చరిత్ర గ్రంథాలను తెలుగు చేసేటప్పుడు ఈ పదం ఎదురైన ప్రతిచోటా ‘స్వదేశీయుడు’ అని రాసుకుపోవడం సులభం. కాని అది అంత అమాయకమైన పదం కాదు. (అమాయకుడనే అర్థమిచ్చే ‘నైవ్’ కూడా అదే మూలం నుండి పుట్టిందన్నది వేరే సంగతి.) మధ్యయుగపు ఇంగ్లండు న్యాయపత్రాల్లో దాని లాటిన్ రూపం ‘నేటివస్’ అంటే పుట్టుకతోనే ప్రభువుకు కట్టుబడిన దాస్య రైతు. అక్కడ భూమి మనిషిది కాదు. మనిషే భూస్వామికి చెందినవాడు. వలస పాలనలో ఈ పాత అర్థమే మళ్ళీ తల ఎత్తినట్లుంటుంది. 1858 నాటి విక్టోరియా రాణి ప్రకటనలో ‘నేటివులు’ అంటే పాలితులు. నిజాం రాజ్యం ‘నేటివ్ స్టేట్’. 1870 నాటి పార్లమెంటు చట్టం ఒకటి మాత్రం, తాత్కాలికంగా గాక స్థిరంగా ఇక్కడ నివసించే తల్లిదండ్రులకు బ్రిటిష్ ఇండియాలో పుట్టి ఇక్కడే స్థిరపడినవారిని కూడా ‘నేటివులు’గా లెక్కించింది. ఆ లెక్కన ఎందరో ఆంగ్లో ఇండియన్లు నేటివులే. దక్షిణాఫ్రికాలో 1913 నాటి నేటివుల భూమి చట్టం కింద నేటివు అంటే నల్లజాతివాడు మాత్రమే. డర్బన్‌లో పుట్టిన భారతీయుడు కాడు. అమెరికాలో 1845లో ‘నేటివ్ అమెరికన్’ అనే పేరు పెట్టుకున్న పార్టీ, ఐర్లండు నుండి వచ్చిన కాథలిక్కులను వ్యతిరేకించే తెల్లవారిది. అదే పేరు నేడు ఆ తెల్లవారికంటే ముందునుండి అక్కడున్న జాతులకు చెల్లుతున్నది.

తెలుగు ముస్లిం పాఠకునికి దగ్గరగా తగిలే ఉదాహరణ హెన్రీ ఎలియట్‌ది. ఆయన 1853లో మరణించాక, డౌసన్ పరిష్కరించగా 1867 నుండి 1877 వరకు వెలువడిన ఎనిమిది సంపుటాలకు ‘స్వంత చరిత్రకారులు చెప్పిన భారతదేశ చరిత్ర’ అని పేరు. ఆ స్వంత చరిత్రకారుల్లో అత్యధికులు ఫారసీలో రాసిన ముస్లిములు. నేటి బులంద్‌షహర్ అయిన బరన్ పేరుతో పిలువబడే జియావుద్దీన్ బరనీ ఉన్నాడు. ఇరాన్‌లోని అస్తరాబాదులో పుట్టి బీజాపూరులో చరిత్ర రాసిన ఫిరిష్తా ఉన్నాడు. గ్రంథనామం ఇద్దరినీ ఈ దేశం వారిగానే ఒప్పుకున్నది. కాని ఎలియట్ 1849లోనే రాసిన పీఠిక దారి వేరు. ముస్లిం పాలకుల దౌర్జన్యాలను ఏకరువు పెట్టి, వీటిని చదివితే తమ ‘నేటివ్’ ప్రజలకు ఇంగ్లీషు పాలన మేలు తెలిసివస్తుందని ఆశించాడు. ఇక్కడ ‘స్వదేశీయ ప్రజలు’ అని అనువదిస్తే ఏమవుతుంది? ఒక పక్క దౌర్జన్యం చేసిన ముస్లిములు, మరో పక్క స్వదేశీయులు అని పాఠకుడు చదువుకుంటాడు. బరనీ ఒక్క మాటతో పరదేశి అయిపోతాడు. నెల్లూరులో పుట్టిన ముస్లిమూ అతని వెంటే. ఎలియట్ ఉద్దేశించినది జన్మస్థలం కాదు, తమ ఏలుబడి. ‘మా పాలిత ప్రజలు’ అన్నదే అక్కడ నిజమైన అనువాదం. ఎలియట్ పక్షపాతాన్ని దాచనక్కర లేదు. అతను చెప్పని దాన్ని అతని నోట పెట్టనూ కూడదు.

హదీసు విద్వాంసులకు ఇదే చిక్కు మరో రూపంలో ఎదురైంది. ఒకే పేరు గల ఉల్లేఖకులను వేరుపరచడానికి ఎవరు ఏ ఊరివారో తేల్చవలసి వచ్చింది. వారు పుట్టుక ఒక్కదానినే ఆధారం చేసుకోలేదు. హజ్రత్ సుహైబ్ రూమీ (రజి) నమిర్ తెగకు చెందిన అరబ్బు. బాల్యంలో రోమన్ల చేత చిక్కి వారి మధ్య పెరిగినందున ‘రూమీ’ అయ్యారు. దాన్ని ‘రోము నగర వాస్తవ్యుడు’ అని తెలుగు చేస్తే రెండు తప్పులు: ఆయన పుట్టుక అరబ్బు, ‘రూమ్’ అంటే అక్కడ బైజాంటియం సామ్రాజ్యం. హిజ్రీ 643లో మరణించిన ఇబ్నుస్సలాహ్ హదీసు శాస్త్ర గ్రంథంలో ఉల్లేఖకుల స్వస్థలాలకు ఒక ప్రకరణమే ఉంది. ఊరు మారినవాడికి రెండు ఊళ్ళ పేర్లూ వరుసగా చేర్చి, నడుమ ‘సుమ్మ’, అంటే ‘ఆ తరువాత’, అనడం మేలన్నారు: మిస్రీ, ఆ తరువాత దిమష్కీ. ఒక ఊళ్ళో నాలుగేళ్ళుంటే ఆ ఊరివాడిగా చెప్పవచ్చునన్న మాట అబ్దుల్లాహ్ బిన్ ముబారక్ పేరిట వస్తున్నది.

హైదరాబాదు రాజ్యంలో 1919 నాటి ఫర్మానాతో వచ్చిన ముల్కీ నిబంధనలు అడిగిన గడువు పదిహేనేళ్ళు. దానికి తోడు పాత నివాసానికి మరలిపోయే ఉద్దేశం వదులుకున్నట్లు ప్రమాణపత్రం. 1972లో సుప్రీంకోర్టు ఆ నిబంధనలు చెల్లుతాయన్నది. 1973లో అవి రద్దయ్యాయి. అరబ్బీ ‘ముల్క్’ నుండి వచ్చిన ‘ముల్కీ’ని కూడా ఇంగ్లీషులో ‘నేటివ్’ అంటే సరిపోదు. ముల్కీకి పుట్టుక ఒక దారి మాత్రమే, నివాసం మరో దారి. కావలి పేరు చెప్పే హైదరాబాదు ఉద్యోగిని ఆ ప్రమాణపత్రం అడిగి ఉంటే ఇవ్వడానికి చాలాసేపు ఆలోచించేవాడు. ఇబ్ను ముబారక్ లెక్కలో దాని ప్రసక్తే లేదు.